పదకొండు గంటల గిన్నె

చిన్నకోడలు నిన్న తెచ్చి బల్ల మీద పెట్టిన ఉద్యోగపు కాగితం మీద మామగారు పొద్దున్నే కాఫీ గ్లాసు పెట్టారు. గ్లాసు తీసేసరికి కాగితం మధ్యలో గుండ్రటి మరక మిగిలింది. పొరపాటున పెట్టానని ఆయన అనలేదు. ఎవరూ అడగనూ లేదు.

"ఒరేయ్ పెద్దోడా, ఎన్నింటికి రమ్మన్నారో కనుక్కో," అన్నారు.

చిన్నకోడలు ఆయనకు మూడడుగుల దూరంలో నిలబడి రొట్టెకు వెన్న రాసుకుంటోంది. పెద్దకొడుకు ఆమె వైపు తిరిగాడు.

"ఎన్నింటికి రమ్మన్నారమ్మా?"

"పదింటికి, బావగారూ. ఇవాళ వండి చూపించాలి. నచ్చితే రేపటి నుంచి అక్కడే."

"పదింటికట, నాన్నా."

"నాకేం చెవుడు లేదు," అన్నారు మామగారు.

నిన్న మధ్యాహ్నం నుంచి ఆ ఇంట్లో మాటలు ఇలాగే నడుస్తున్నాయి. మామగారు చిన్నకోడలితో నేరుగా మాట్లాడటం మానేశారు. పెద్దకొడుక్కి రాయబారం పని పడింది. అతను కింద హోటల్లో కౌంటర్ దగ్గర కూర్చునే మనిషి కాబట్టి ఒకరిది తీసుకుని ఇంకొకరికి అందించడం అతనికి కొత్తేమీ కాదు.

ఆమె వెళ్ళేది ఏ దూరానికో అయితే ఇంత రగడ ఉండేది కాదు. పైన ఇల్లు, కింద తమ హోటల్. హోటల్ పక్కన ఏడడుగుల సందు. సందుకు అవతల ఆ కొత్త రెస్టారెంటు.

ఆ వీధికి ఈమధ్య దశ తిరిగింది. రెండేళ్ళ కిందటి వరకూ అక్కడ తాళాలు బాగుచేసేవాళ్ళూ, పరుపులు కుట్టేవాళ్ళూ, సైకిళ్ళకు పంక్చర్లు వేసేవాళ్ళూ ఉండేవారు. ఇప్పుడు పదకొండు రెస్టారెంట్లు వచ్చాయి. గోడలు గీకి ఇటుకలు బయటపెట్టారు. ఆనుకోవడానికి వీల్లేని ఎత్తు స్టూళ్ళు వేశారు. పళ్ళెం చేటంత ఉంటుంది, అందులో తిండి అరచేతిలో సగం ఉంటుంది. జనం ముందు దానికి ఫోటో తీసి, తర్వాత తింటారు. కొందరు ఫోటోతోనే కడుపు నింపుకుని లేచిపోతారు.

సందు అవతలి వాళ్ళయితే పాత సైకిల్ షాపు బోర్డును అందంగా ఉందని పీకకుండా ఉంచారు. 'సైకిళ్ళు బాగుచేయబడును' అని చదివి వారానికి ఒకరైనా గాలిపోయిన సైకిలు నడిపించుకుంటూ వస్తారు. వాళ్ళ చేతికి మెనూ ఇస్తారు.

"పళ్ళేలు తుడిచే మనిషికి వంట ఉద్యోగం ఎవరిచ్చారో, ఏం చూసి ఇచ్చారో అడుగు," అన్నారు మామగారు.

పెద్దకొడుకు నోరు తెరిచేలోగా చిన్నకోడలే చెప్పింది.

"నా నాలుక చూసి ఇచ్చారు, మామయ్యగారూ. ఆరు గిన్నెలు ముందు పెట్టారు. కళ్ళు మూసుకుని ఒక్కో చెంచా తాగి, ఏది ఎక్కువైందో ఏది తక్కువైందో చెప్పమన్నారు. ఆరూ సరిగ్గా చెప్పాను."

"నీకంత నాలుక ఎప్పుడొచ్చిందే?" అన్నాడు ఆమె భర్త. అతను నోట్లో నాలుక లేని మనిషి. ఆ పొద్దున అతను మాట్లాడింది ఈ ఒక్క మాటే, అదీ తగలరాని చోట తగిలింది.

చిన్నకోడలు తలెత్తి పెద్దకోడలి వైపు చూసింది.

పెద్దకోడలు సింకు వైపు తిరిగి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడగటం మొదలుపెట్టింది. చిన్నకోడలు అలాగే చూస్తూ ఉంది, చాలాసేపు. తర్వాత రొట్టె తినకుండానే పళ్ళెంలో పెట్టేసింది.

"ఎప్పుడో వచ్చిందిలెండి," అంది భర్తతో.

మామగారు లేచారు. "ఒరేయ్ పెద్దోడా, సందులోకి ఉన్న తలుపు తాళంచెవి ఆ అమ్మాయి దగ్గరుంది. తీసుకో. పరాయి హోటల్లో పనిచేసే వాళ్ళు మన వంటింట్లోకి దొడ్డిదారిన రావడం కుదరదు."

ఆమె కొంగున ముడివేసిన తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టింది. కాఫీ మరక మధ్యలో, సరిగ్గా కొలిచినట్టు పెట్టింది.

*

ఆమె నిజంగా పళ్ళేలు తుడిచే మనిషే. ఇంట్లో అందరికీ తెలిసినంత వరకూ అంతే.

తెలియనిది ఇది. ఏడాదిన్నర కిందట పెద్దకోడలికి పదకొండు రోజులు విడవని జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ రుచినీ వాసననూ వెంటబెట్టుకుపోయింది. వస్తే రావచ్చు, రాకపోతే రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. అంతమాత్రం చెప్పడానికి డాక్టరు ఎందుకని ఆమెకు అనిపించింది.

ఆ సంగతి తోడికోడలికి తప్ప ఎవరికీ చెప్పలేదు. మొగుడికీ చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. ఆమె కాపురానికి వచ్చేసరికి ఆ వంటింట్లో ఒక ముసలి వంటాయన ఉండేవాడు. ఇరవై రెండేళ్ళు ఆ పొయ్యి దగ్గరే నిలబడ్డాడు. ఒక చలికాలం ముక్కు దిబ్బడేసి సూపులో కారం రెండుసార్లు వేశాడు. మర్నాడు మామగారు అతన్ని మర్యాదగా, భుజం మీద చెయ్యివేసి, బయట కుర్చీలో కూర్చోబెట్టారు. రుచి తెలియనివాడు పొయ్యి దగ్గర ఉండకూడదన్నారు. జలుబు తగ్గాక కూడా లోపలికి రానివ్వలేదు. ఆ ముసలాయన మూడు నెలలు కుర్చీలో కూర్చుని, నాలుగో నెల రావడం మానేశాడు.

ఆ ఖాళీలోకి వచ్చింది పెద్దకోడలు. పధ్నాలుగేళ్ళయింది. ఆ పొయ్యి దగ్గర తప్ప ఆ ఇంట్లో ఆమె మాట ఎక్కడా చెల్లదు. అక్కడ మాత్రం మామగారు కూడా అడిగి లోపలికి వస్తారు.

కాబట్టి తోడికోడళ్ళిద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. పెద్దామె పెద్ద గిన్నెలో వేయాల్సిన ఉప్పులో సగమే వేస్తుంది, రెండు చెంచాలు. గరిటెతో గిన్నె అంచు మీద రెండుసార్లు కొడుతుంది. చిన్నామె పళ్ళేల కోసం వచ్చినట్టు వచ్చి, ఒక చెంచా తాగి, నడుము పక్కన వేళ్ళు చూపిస్తుంది. ఎన్ని వేళ్ళయితే అన్ని చెంచాలు. ఎవరి కంటా పడలేదు. గిన్నె ఒక్కసారి కూడా తప్పలేదు.

రెండు నెలల కిందట పేపరు విలేకరి ఒకడు వచ్చి, కొత్త రెస్టారెంట్ల మధ్య ఇంకా నిలబడి ఉన్న పాత హోటలని రాశాడు. పెద్దకోడలి చేతిని పొగిడాడు. ఫోటో వేశాడు. అందులో మామగారున్నారు, పెద్దకోడలుంది, సూపు గిన్నె ఉంది, ఓ పక్కన చిన్నకోడలి మోచెయ్యి ఉంది. మామగారు దానికి ఫ్రేము కట్టించి కౌంటర్ వెనక తగిలించారు.

"నా మోచెయ్యి చూశావా అక్కా, ఎంత బాగా పడిందో!" అని అప్పుడు నవ్వింది చిన్నకోడలు.

పోయిన వారం మాత్రం నవ్వలేదు. మామగారు నలుగురు కస్టమర్ల ముందు, "ఎప్పుడు చూసినా పొయ్యి దగ్గర ఏం పని నీకు? అక్కడ నీకు తెలిసింది ఏముంది?" అని కసిరారు. పెద్దకోడలు అక్కడే ఉంది. గరిటె చేతిలోనే ఉంది. ఏమీ అనలేదు.

అనకపోవడం తప్పని ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఊరుకుంది.

*

పదికి ఐదు నిమిషాలుండగా ఇద్దరూ మెట్ల మీద ఎదురుపడ్డారు.

"నిజంగానే వెళ్తున్నావా చిట్టీ?" అంది పెద్దకోడలు.

"తమాషాకి కాగితం తెస్తానా అక్కా?"

"ఇవాళ చిక్కుడు గింజల సూపు. దానికి ఉప్పు పట్టడం కష్టం."

చిన్నకోడలు నవ్వింది. బాగోలేదు ఆ నవ్వు. "నేను వెళ్తున్నానని కాదు, నా నాలుక వెళ్తోందని నీ బాధ."

"అంత మాట అనకు."

"పోయినవారం మామయ్యగారు అన్నప్పుడు ఒక్క మాట అనలేకపోయావా? 'నేనే పిలిచాను' అంటే చాలు. ఎందుకు పిలిచావో కూడా చెప్పక్కర్లేదు. పిలిచానంటే చాలు."

"అంటే ఎందుకని అడుగుతారు. ఆయన సంగతి నీకు తెలీదా? ఒకటి అడిగితే వంద లాగుతారు. లాగితే నన్నూ ఆ కుర్చీలో కూర్చోబెడతారు."

"నేను ఏడాదిన్నర నుంచీ కుర్చీ కూడా లేకుండా నిలబడే ఉన్నాను కదా అక్కా."

పెద్దకోడలు మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఆ మెట్టు మీదే ఉండిపోయింది. కింద పెద్దకొడుకు కుర్చీలు దించుతున్న చప్పుడు వినపడుతోంది.

"ఇప్పుడైనా చెప్పు," అంది చిన్నకోడలు, గొంతు తగ్గించి. "కాగితం చింపేసి వస్తాను. నీ మీద ఒట్టు. ఆయన ముందు ఒక్క మాట చెప్పు."

"పొయ్యి లేకపోతే ఈ ఇంట్లో నేనెవర్ని, చిట్టీ?"

చిన్నకోడలు పక్కకు తప్పుకుని దిగి వెళ్ళిపోయింది.

*

ఆ హోటల్‌కు ఒక ఆనవాయితీ ఉంది. పదకొండు గంటలకు మొదటి గిన్నె సూపు మామగారికి. ఆయన మూడో బల్ల దగ్గర కూర్చుని తాగుతారు. తాగి, లేచి, గాజు తలుపుకు వేలాడే బోర్డును 'మూసి ఉంది' నుంచి 'తెరిచి ఉంది'కి తన చేత్తో తిప్పుతారు. గిన్నె నచ్చకపోతే తిప్పరు. నలభై ఏళ్ళలో రెండుసార్లు తిప్పలేదు. ఆ రెండోసారే ముసలి వంటాయన కుర్చీలోకి మారాడు.

పదీ నలభైకి గింజలు ఉడికాయి. పెద్దకోడలు మంట తగ్గించింది. వంటింటి కిటికీలోంచి సందు, సందు అవతల గాజు గోడ కనపడుతున్నాయి. కొత్త రెస్టారెంట్లలో వంట అందరికీ కనపడాలట. ఆ గాజు వెనక చిన్నకోడలు నల్ల ఏప్రన్ కట్టుకుని ఉల్లిపాయలు తరుగుతోంది. పక్కన ఆ రెస్టారెంటు యజమాని, ముప్ఫై ఏళ్ళ గడ్డం మనిషి, చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

'మెల్లిగా తరుగుతోంది. భయపడుతోంది,' అనుకుంది పెద్దకోడలు. అనుకుంటూనే గరిటెతో గిన్నె అంచు మీద రెండుసార్లు కొట్టింది.

కొట్టాక గుర్తొచ్చింది, ఎవరూ రారని.

పోనీ, మిగతా సగం ఉప్పు తనే వేస్తే సరిపోతుంది. చెంచా తీసుకుంది. చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. మొదటి సగం వేసిందా?

ఉప్పు డబ్బా మూత తీసే ఉంది. మూత తీసింది ఎప్పుడు? ఉల్లిపాయల వైపు చూస్తున్నప్పుడా, అంతకుముందా? మెట్ల మీద మాటలే చెవుల్లో తిరుగుతున్నాయి గానీ చేతులు చేసింది ఒక్కటీ గుర్తు రావడం లేదు. వేసి ఉంటే ఇంకో రెండు చాలు. వేయకపోయి ఉంటే నాలుగు. వేసిన దాని మీద నాలుగు పడితే గిన్నె మొత్తం పారబోయాలి.

ఎవరికైనా ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంటే తేలిపోయే సంగతి. ఆమె కూడా వేసుకుంది. వేడిగా ఉంది. చిక్కగా ఉంది. అంతకుమించి నోటికి ఏమీ తెలియలేదు. ఇంకో చెంచా తాగింది. కళ్ళు మూసుకుని ఇంకోటి తాగింది.

"పదకొండు అవుతోంది," అన్నారు మామగారు హాల్లోంచి. కుర్చీ లాగిన చప్పుడు, చెంచా బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించాయి.

మొగుణ్ణి పిలిచి రుచి చూడమనవచ్చు. ఎందుకంటాడు. అతను తండ్రి దగ్గర ఆవలింత కూడా దాచుకోలేని మనిషి.

పెద్దకోడలు కిటికీ తలుపులు రెండూ బార్లా తెరిచింది. గరిటె తిరగేసి పట్టుకుంది. ఇందాకటిలా అలవాటుగా కాదు, తెలిసి, గట్టిగా, రెండుసార్లు కొట్టింది.

సందు అవతల కత్తి ఆగింది.

చిన్నకోడలు తలెత్తింది. గాజులోంచి ఇద్దరి చూపులూ కలిశాయి. గడ్డం మనిషి ఏదో అడిగాడు. ఆమె జవాబు చెప్పకుండా తువ్వాలుతో చేతులు తుడుచుకుని గాజు వెనక నుంచి కనపడకుండా పోయింది.

మరుక్షణం సందులోని తలుపు గొళ్ళెం కదిలింది. ఒకసారి, రెండుసార్లు. తాళం వేసి ఉంది. తాళంచెవి మామగారి జేబులో ఉంది.

ఇక మిగిలింది ముందు తలుపు.

*

గాజు తలుపు తోసుకుని చిన్నకోడలు లోపలికి వచ్చింది. మూడో బల్ల దగ్గర మామగారు, కౌంటర్ దగ్గర పెద్దకొడుకు, రొట్టెల బుట్ట పట్టుకుని చిన్నకొడుకు ఉన్నారు. ముగ్గురూ ఆ నల్ల ఏప్రన్ వైపు చూశారు.

"ఇంకా తెరవలేదు," అన్నారు మామగారు. నిన్నటి నుంచి ఆమెతో ఆయన నేరుగా అన్న మొదటి మాట అది.

"తెలుసు, మామయ్యగారూ," అని ఆమె ఆయన పక్క నుంచే నడిచి వంటింట్లోకి వెళ్ళింది.

వంటింటికీ హాలుకూ మధ్య గోడలో గిన్నెలు అందించే పెద్ద కిటికీ ఉంది. అందులోంచి అందరికీ అంతా కనపడింది. చిన్నకోడలు చెంచాతో సూపు తీసుకుంది. ఊదుకుంది. తాగింది. పెద్దకోడలు ఆమె నడుము పక్కకు చూసింది. చెయ్యి అక్కడ లేదు. చిన్నకోడలు చెయ్యి పైకెత్తి, అందరికీ కనపడేలా, నాలుగు వేళ్ళు చూపించింది.

పెద్దకోడలు నాలుగు చెంచాలు వేసి కలిపింది.

"ఏం జరుగుతోందిరా అక్కడ?" అన్నారు మామగారు. పెద్దకొడుకు వైపు చూడకుండానే అన్నారు.

చిన్నకోడలు కోపంలో చెయ్యెత్తింది గానీ, ఎత్తాక ఏమవుతుందో అప్పుడే తోచినట్టుంది. "ఏం లేదు, మామయ్యగారూ. నా చిన్న కత్తి ఇక్కడ మర్చిపోయాను. దానికోసం వచ్చాను. అక్కకు ఏం సంబంధం లేదు," అంది గబగబా.

అబద్ధం బాగానే ఉంది. పెద్దకోడలు ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడం ఆమెకు చేతకానిదేమీ కాదు.

ఆమె గిన్నె నింపింది. తనే తీసుకెళ్ళి మూడో బల్ల మీద పెట్టింది. కొంచెం సూపు బల్ల మీద ఒలికింది.

"నేనే పిలిచాను, మామయ్యగారూ," అంది. "ఇవాళే కాదు, రోజూ నేనే పిలుస్తాను. జ్వరం వచ్చినప్పటి నుంచి నాకు రుచి తెలియదు. వాసనా తెలియదు. ఏడాదిన్నర నుంచి మీరు తాగే ప్రతి గిన్నెకూ ఉప్పు చూసింది చిట్టి. పేపర్లో పొగిడించుకున్నది నేను."

చిన్నకొడుకు రొట్టెల బుట్ట కింద పెట్టాడు.

"నాకు కూడా చెప్పలేదే?" అన్నాడు పెద్దకొడుకు.

"చెబితే మీరు మామయ్యగారికి చెప్పకుండా మధ్యాహ్నం దాకా ఆగేవారా?" అంది ఆమె. అతను ఆలోచించి చూసుకుని, ఆగననే తేల్చుకున్నట్టు తల దించుకున్నాడు.

మామగారు చెంచా తీసుకున్నారు. ఒకటి తాగారు. కౌంటర్ వెనక ఫ్రేము కట్టిన ఫోటో వైపు చూశారు. ఇంకోటి తాగారు. గిన్నె అడుగు కనపడేదాకా, తొందరేమీ లేనట్టు, ఆయన మొత్తం తాగారు.

"బాగుంది," అన్నారు.

ఎవరిని మెచ్చుకున్నారో తెలియలేదు. లేచి తలుపు దగ్గరికి వెళ్ళి బోర్డు మీద చెయ్యి వేశారు. గాజుకు అవతల గడ్డం మనిషి నిలబడి ఉన్నాడు. వెనక ఇద్దరు ముగ్గురు కస్టమర్లు కూడా ఉన్నారు. గడ్డం మనిషి తలుపు కొంచెం తెరిచాడు.

"ఏమనుకోకండి, పెద్దాయనా. ఆవిడ వంట మధ్యలో వచ్చేశారు. పొయ్యి మీద పెట్టింది మాడబోతే నేనే దించాను. వస్తారా, రారా?"

"ఆగు బాబూ. ఒక్క నిమిషం," అన్నారు మామగారు.

బోర్డు మీది చెయ్యి తీయలేదు. వెనక్కీ తిరగలేదు.

"ఈ పొయ్యి దగ్గర ఎప్పుడూ ఒక్క మనిషే ఉన్నారు. రేపూ ఒక్కరే ఉంటారు. అది నేను చెప్పను. ఇన్నాళ్ళూ నాకు చెప్పకుండా నడుపుకున్నారు కదా, ఇదీ మీరే తేల్చుకోండి. ఉండేది పెద్దదా, చిన్నదా? చెబితే బోర్డు తిప్పుతాను."

వంటింటి గుమ్మంలో చిన్నకోడలు నిలబడి ఉంది. పెద్దకోడలు తిరిగి చూసింది. ముఖం వైపు కాదు. ఏడాదిన్నర అలవాటు కొద్దీ ఆమె కళ్ళు తిన్నగా నడుము పక్కకే వెళ్ళాయి, ఎన్ని వేళ్ళో చూద్దామని.

ఆ చెయ్యి నల్ల ఏప్రన్ జేబులో ఉంది.